స్టాండెక్కిన బండి

జోగివలసలో గవర్రాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గవర్రాజే అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి భార్య నూకాలమ్మ ఔనంది. వదిన ఔనంది కాబట్టి తమ్ముడు సింహాద్రి ముమ్మాటికీ ఔనన్నాడు.

"మనకో గొప్ప గుణముంది. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళోవాళ్ళని చూడండి, ఒకటి చెబితే ఇంకోటి అర్థం చేసుకుంటారు" అనేవాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ.

ఊరు మాత్రం వాళ్ళని చూసి పడీపడీ నవ్వేది. గవర్రాజు పైకి పట్టనట్టే తిరిగేవాడు గానీ ఆ నవ్వు లోపలెక్కడో గుచ్చుకునేది. ఏడాదికోసారి పక్కూరి మెట్ట దగ్గర బురదలో మోటారు బండ్ల పందెం జరుగుతుంది. అందులో తమ్ముడు గెలిచి కప్పు పట్టుకొస్తే ఊరి నోరు మూతపడుతుందని ఆయన ఆశ. అందుకే సింహాద్రికి ఒక పాత బురద బండి కొనిపెట్టాడు. ఎత్తుగా, సన్నగా, తిండిలేని గుర్రంలా ఉంటుంది. పొలాల్లో పరుగెత్తీ పరుగెత్తీ ఒళ్ళంతా మట్టి కొట్టుకుపోయి, కదిలితే కిర్రుమంటోంది.

పట్నంలో బండ్లు బాగుచేసే దావూదు మేస్త్రి వాళ్ళకి ఒక ఇనప స్టాండు ఇచ్చాడు. చూడ్డానికి పీటలా ఉంటుంది. బండి పొట్ట కింద పెట్టి, పక్కనున్న పెడలు కాలితో తొక్కితే బండి మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు కింద కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు.

"మా అక్క కూతురి పెళ్ళిరా, నేను రాలేను. ఫోన్లో చెబుతా, చెప్పినట్టు చెయ్యండి. ఆదివారం పందెం దగ్గర కలుస్తా" అన్నాడు మేస్త్రి.

చెప్పినట్టు చెయ్యడమా! గవర్రాజు మొహం వెలిగిపోయింది.

శనివారం పొద్దున్నే స్టాండుని బండి పొట్ట కిందికి తోసి, ఫోను అరుగు మీద పెట్టారు. అవతల సన్నాయి మోగుతోంది.

"స్టాండు పెట్టారా? ఇప్పుడు బండిని లేపండి" అన్నాడు మేస్త్రి.

గవర్రాజు వంగి చూశాడు. బండి గోడకి జారగిలబడి ఉంది. "పాపం, మంచి నిద్రలో ఉన్నట్టుందిరా" అని గొంతు తగ్గించి, "లేమ్మా, తెల్లారింది, లే" అన్నాడు. లేవలేదు. సింహాద్రి హ్యాండిలు పట్టుకుని కుదిపాడు. ఊహూ.

"మా పుట్టింట్లో మొద్దునిద్రగాళ్ళని నీళ్ళు కొట్టి లేపేవాళ్ళండీ" అంది నూకాలమ్మ. అంతే, చెంబుడు నీళ్ళు తెచ్చి బండి మొహాన ఛెళ్ళున కొట్టింది.

"లేవడం లేదు మేస్త్రీ!" అని అరిచాడు గవర్రాజు.

"లేవకపోవడమేంట్రా? కాలితో గట్టిగా తొక్కండి!"

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ లుంగీలు ఎగగట్టి బండిని తొక్కడం మొదలెట్టారు. చక్రాన్ని తొక్కారు, సీటుని తొక్కారు. తడి నేల మీద సింహాద్రి కాలు జర్రున జారి, వెళ్ళి వెళ్ళి స్టాండు పెడలు మీద పడింది. టకీమని బండి లేచి కూర్చుంది.

"లేచింది, లేచింది! మంచిగా చెబితే వినలేదు చూడు" అన్నాడు గవర్రాజు చెమట తుడుచుకుంటూ.

"చక్రాలు రెండూ గాల్లో ఉన్నాయా?" అడిగాడు మేస్త్రి.

గవర్రాజు చుట్టూ చూశాడు. ఆకు కదలడం లేదు. "లేవు మేస్త్రీ. పొద్దుట్నించీ ఒకటే ఉక్క."

సన్నాయి మోతలో మేస్త్రికి సగమే వినబడింది. "లేవా? గాల్లో లేకపోతే పని జరగదు! ముందు ఆ సంగతి చూడండి!"

అంతే, ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ముందు చక్రానికి పెట్టారు. వెనక చక్రానికి నూకాలమ్మ చేట పట్టుకుని విసరసాగింది. చెయ్యి మారుస్తూ, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "దీనికి ఇంకా ఎంతసేపండీ? మా అత్తగారికైనా ఇంత విసరలేదు" అంది.

"ఇప్పుడు గాల్లో ఉన్నాయి మేస్త్రీ!"

"భేష్! ఇక ఫిల్టరు తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక లోపలా బయటా నూనె పట్టించండి."

ఆ ఇంట్లో ఉన్న ఫిల్టరు ఒక్కటే. కాఫీది. నూకాలమ్మ దాన్ని తోమి, ఎండలో ఆరబెట్టి, చంటిపిల్లకి పట్టించినట్టు నువ్వుల నూనె పట్టించింది. పనిలో పనిగా ముగ్గురికీ కాఫీ కూడా కలిపింది. సింహాద్రి ఒక గుక్క తాగి కళ్ళు పెద్దవి చేశాడు.

"వదినా, గొంతులో ఆగడం లేదు, జర్రున దిగిపోతోంది! మేస్త్రి చెప్పాడంటే ఊరికే చెప్పడు."

"ఇప్పుడు గొలుసు చూడండి, వదులుగా ఉందేమో" అన్నాడు మేస్త్రి.

గవర్రాజు తిరిగి నూకాలమ్మ మెడలోకి చూశాడు. "వదులే మేస్త్రీ. బొడ్డు దాకా వేలాడుతోంది."

"అంత వదులా? చక్రంలో పడితే ప్రాణాలు పోతాయిరా! బిగించండి!"

భార్య ప్రాణం పోతుందనేసరికి గవర్రాజు చేతిలో కాఫీ గ్లాసు అక్కడే పడేశాడు. వెంటనే ఆమె వెనక్కి చేరి, గొలుసుకి ఒక మడత వేశాడు, ఇంకో మడత వేశాడు. నూకాలమ్మ గుడ్లు తేలేసింది.

"బిగించాం మేస్త్రీ, కానీ ఊపిరాడటం లేదంటోంది!"

"ఎవరు?"

"గొలుసు వేసుకున్నది!"

"ఏమో, ఇక్కడ ఏమీ వినబడి చావడం లేదు. ఒరే, మరీ బిగించకండి, రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలి!"

గవర్రాజు గబగబా ఒక మడత విప్పి రెండు వేళ్ళు దూర్చి చూశాడు. నూకాలమ్మ గాలి పీల్చుకుని, "మేస్త్రి చల్లగా ఉండాలి. సమయానికి చెప్పాడు, లేకపోతే పోయేదాన్నే" అని ఫోనుకి దండం పెట్టింది.

"ఆఖరి మాట. బ్రేకులు పడుతున్నాయా?"

ముగ్గురూ బండి కింద నేలంతా వెతికారు. సింహాద్రి బండిని పట్టుకుని ఊపి కూడా చూశాడు. బ్రేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఒక్కటి కూడా పడటం లేదు మేస్త్రీ!" అన్నాడు గవర్రాజు గర్వంగా.

"వామ్మో! బ్రేకులు పడకుండా పందేనికెలా వెళ్తార్రా? నేను వచ్చి చెప్పేదాకా బండిని స్టాండు మీంచి దింపకండి. అప్పటిదాకా దాని మీద ఒక కన్నేసి ఉంచండి!" అని మేస్త్రి ఫోను పెట్టేశాడు.

కన్నెయ్యడమంటే మాటలా? గవర్రాజు బండి పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఎడమ కన్ను పెట్రోలు ట్యాంకుకి ఆనించి కూర్చున్నాడు. ఆయన అన్నానికి లేస్తే ఆ కన్ను సింహాద్రి వేశాడు. తెల్లారేసరికి అన్నదమ్ములిద్దరికీ ఎడమ కంటి చుట్టూ కాటుకలా మసి.

ఆదివారం బండిని స్టాండుతో సహా ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తించి, మెట్ట దగ్గరికి తీసుకెళ్ళి, స్టాండుతో సహా గీత మీద దింపించారు. మైకులో ఒకాయన చెబుతున్నాడు: "ఈ గీత దగ్గర మొదలుపెట్టి, మెట్ట చుట్టూ తిరిగి, మళ్ళీ ఈ గీత దగ్గరికే రావాలి! ముందున్నవాడిదే కప్పు!"

జెండా ఊపారు. బండ్లన్నీ బురద చిమ్ముకుంటూ దూసుకుపోయాయి. సింహాద్రి కూడా ముందుకు వంగి గట్టిగా గేరేసి వేగం పెంచాడు. వెనక చక్రం గాల్లో గిర్రున తిరిగింది. మలుపు ఉంటుందనిపించినప్పుడల్లా అటూ ఇటూ ఒరిగాడు కూడా.

"అన్నయ్యా, ఎక్కడిదాకా వచ్చాను?"

"బాగా వస్తున్నావురా! నీ చక్రం తిరిగినట్టు ఒక్కడి చక్రమూ తిరగడం లేదు!"

జనం పగలబడి నవ్వుతూ చప్పట్లు చరిచారు. ఈలలు వేశారు. తన ఇంటివాణ్ణి చూసి ఇంతమంది చప్పట్లు కొట్టడం గవర్రాజు ఎప్పుడూ చూడలేదు. నూకాలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి తక్కిన బండ్లు రొప్పుతూ గీత దగ్గరికి వచ్చాయి. గవర్రాజు సరాసరి మైకు దగ్గరికెళ్ళి చెయ్యి చాపాడు.

"కప్పు ఇప్పించండి."

"మీవాడు అసలు కదల్లేదు కదయ్యా!"

"ఎందుకు కదలాలండీ? రావాల్సింది ఈ గీత దగ్గరికేగా. వాళ్ళు అనవసరంగా వెళ్ళిపోయి, రావడానికి ఇంతసేపు చేశారు. అందరూ వచ్చేసరికి ఇక్కడ ఎవరున్నారో మీరే చెప్పండి."

మైకాయన కప్పుని చంకలోకి లాక్కున్నాడు. అప్పుడే పెళ్ళిబట్టల్లో దావూదు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. గాల్లో గింగిరాలు తిరుగుతున్న చక్రాన్ని చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఒరే, ఇదేం పనిరా! బండిని దింపండ్రా ముందు!"

మేస్త్రి వచ్చి చెప్పాడు. అంతే, నూకాలమ్మ ఒక్క అంగలో వెళ్ళి పెడలు తన్నింది. తిరుగుతున్న చక్రం నేలని తాకిందో లేదో, బండి సింహాద్రిని ఎత్తుకుని బాణంలా లేచిపోయింది. జనం ఇటొకరు అటొకరు చెదిరిపోయారు. ఎదురుగా నడుంలోతు బురదగుంట.

"బ్రేకు వెయ్యి! సింహాద్రీ, బ్రేకు వెయ్యి!" గొంతు చించుకున్నాడు మేస్త్రి.

"వెయ్యెక్కడివి మేస్త్రీ! ఉన్నవి రెండే!" అని అరుస్తూనే సింహాద్రి బురదలో ధబ్బున పడ్డాడు.

పళ్ళు తప్ప ఇంకేమీ కనబడకుండా తమ్ముడు లేచి నిలబడ్డాక గవర్రాజు మనసు కుదుటపడింది. మెల్లిగా మేస్త్రి దగ్గరికెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు మాదే మేస్త్రీ. చూసుకోకుండా పందేనికొచ్చేశాం. తక్కిన తొమ్మిదొందల తొంభై ఎనిమిదీ ఏ కొట్లో దొరుకుతాయో చెప్పండి, ట్రాక్టరు ఎలాగూ ఉంది, వెళ్తూ వెళ్తూ వేయించుకుపోతాం."