మాంత్రికుడి మూడో తలుపు

పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి. చాలా కాలం కిందట హేమగిరి రాజ్యాన్ని ఒక మంచి రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురిలో చిన్నవాడు సుమేధుడు.

ఒకనాడు ధూమ్రకేతుడనే మాంత్రికుడు పొరుగురాజు కూతురు మందారవల్లిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన కోటలో దాచాడు. ఆమెను విడిపించి తెస్తానని పెద్ద రాకుమారుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. అప్పుడు సుమేధుడు తండ్రి కాళ్ళకు మొక్కి బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. సుమేధుడు దాన్ని నెమ్మదిగా బోర్లా తిప్పి నీళ్ళలో వదిలాడు.

"నా ప్రాణం నిలబెట్టావు నాయనా. ఎక్కడికి పోవాలో చెప్పు, నా వీపు మీద ఎక్కించుకుని దింపుతాను" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, అలా ఏడు సముద్రాలూ దాటారు. దిగగానే సుమేధుడు, "తాతా, నువ్వు లేకపోతే ఈ ఒడ్డు చూసేవాణ్ణి కాదు" అని దాని వీపు నిమిరాడు.

కోట ముందు ఇద్దరు అన్నలూ రాళ్ళయి నిలబడి ఉన్నారు. సుమేధుడికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అక్కడే బండ కింద తోక ఇరుక్కుని ఒక ముంగిస మూలుగుతోంది. అతను బండ ఎత్తి దాన్ని విడిపించాడు.

"రాకుమారా, జాగ్రత్త" అంది ముంగిస. "లోపల మూడు తలుపులున్నాయి. ఒక్కో తలుపుకు ఒక్కో రహస్యపు మాట. తప్పు చెబితే రాయి అయిపోతావు. మీ పెద్దన్న నోరు తిరగని మంత్రం చదివాడు. రెండో అన్న దేవతల పేర్లు చెప్పాడు."

సుమేధుడు ఆలోచనలో పడ్డాడు. రోజూ వచ్చేపోయే తలుపుకు నోరు తిరగని మాట ఎవడు పెట్టుకుంటాడు? నాలుక మీద ఆడేదే పెట్టుకుంటాడు.

"పొద్దున లేవగానే ధూమ్రకేతుడు ఏం చేస్తాడు?" అని ముంగిసను అడిగాడు.

"కొలనులో ముఖం చూసుకుని మీసం దువ్వుతూ, 'త్రిలోకవీరా, త్రిలోకవీరా' అని తనను తానే పిలుచుకుంటాడు."

సుమేధుడు తలుపు దగ్గరికి వెళ్ళి "త్రిలోకవీర" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

లోపల వంటింట్లో ఒక అవ్వ పొయ్యి ముందు కూర్చుని బూరెలు వేయిస్తోంది. ఆమె మాంత్రికుడి తల్లి. సుమేధుడి వాడిన ముఖం చూసి ఏమీ అడగకుండానే విస్తరి వేసి, వేడి అన్నంలో నెయ్యి పోసింది. సుమేధుడు కడుపునిండా తిని ఆమె పాదాలకు మొక్కాడు.

"అవ్వా, ఇంత దూరం వచ్చాక అమ్మ చేతి అన్నం దొరికింది. నీ మేలు మరిచిపోను."

అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా వంట తిని ఒక మంచి మాట అన్నవాడివి నువ్వే నాయనా. నా కొడుక్కు బూరె అంటే పిచ్చి. నిద్రలో కూడా బూరె, బూరె అని కలవరిస్తాడు. వాడు తెచ్చి పెట్టిన ఆ పిల్ల ఏడుపు మాత్రం నేను వినలేకపోతున్నాను."

సుమేధుడు రెండో తలుపు ముందు నిలబడి "బూరె" అన్నాడు. అదీ తెరుచుకుంది.

అంతలో ఆకాశంలో పెద్ద హోరు వినిపించింది. అవ్వ గబగబా అతన్ని వంటింటి గాదె వెనక దాచింది. ధూమ్రకేతుడు దిగాడు. రెండో తలుపు తెరిచి ఉండడం చూసి అదిరిపడి మూడో తలుపు దగ్గరికి పరుగెత్తాడు.

"దీని మాట మార్చేశాను. ఇక ఎవడు తెరుస్తాడో చూస్తాను" అంటూ, వచ్చినవాణ్ణి వెతకడానికి మళ్ళీ ఎగిరిపోయాడు.

సుమేధుడు బయటికి వచ్చి, "అవ్వా, నీ కొడుకు చిన్నప్పుడు బూరెలు దాచుకుంటే నీకు దొరికేవా?" అని అడిగాడు.

"దొరక్కేం. నేను కనిపెట్టగానే పక్క కుండలోకి మార్చేవాడు. అంతకు మించి దూరం ఎప్పుడూ పోలేదు" అని, అవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "నాయనా, వాడి ప్రాణం మాత్రం తీయకు."

"నీ చేతి అన్నం తిన్నాను. తీయను" అన్నాడు సుమేధుడు.

అతను మూడో తలుపు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. భయపడిన మనిషి కొత్తది వెతకడు, పాతదానికి పక్కనే ఆగుతాడు అనుకున్నాడు. కళ్ళు మూసుకుని, "రెండు బూరెలు" అన్నాడు.

తలుపు తెరుచుకుంది.

లోపల మందారవల్లి లేచి నిలబడి, చిలక ఉన్న బంగారు పంజరం అతని చేతికిచ్చింది. "వాడి ప్రాణం ఈ చిలకలోనే ఉంది. వాడే నాతో గొప్పలు చెప్పుకున్నాడు" అంది.

ధూమ్రకేతుడు తిరిగి వచ్చేసరికి చిలక సుమేధుడి గుప్పిట్లో ఉంది. మాంత్రికుడు మోకాళ్ళ మీద పడ్డాడు.

"ముందు మా అన్నలను మనుషులను చెయ్యి. తర్వాత నీ మంత్రదండం సముద్రంలో పారెయ్యి" అన్నాడు సుమేధుడు.

వాడు చెప్పినట్టే చేశాడు. రాళ్ళు కదిలి అన్నలయ్యారు, పరుగున వచ్చి తమ్ముణ్ణి కావలించుకున్నారు. అప్పుడు సుమేధుడు చిలకను తీసుకెళ్ళి అవ్వ ఒళ్ళో పెట్టాడు.

"అవ్వా, నీ బిడ్డ ప్రాణం నీ దగ్గరే ఉండనీ."

అవ్వ చిలకను గుండెకు హత్తుకుంది. ధూమ్రకేతుడు తల్లి ముఖంలోకి చూడలేక తల వంచుకున్నాడు. ఆమె వాడి తల మీద చెయ్యి వేసి, "కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను" అంది.

హేమగిరిలో సుమేధుడికీ మందారవల్లికీ అంగరంగ వైభవంగా పెళ్ళయింది. వాళ్ళు చాలా ఏళ్ళు రాజ్యం ఏలారు. ఆకలితో వచ్చినవాణ్ణి ఊరూ పేరూ అడగకుండా ముందు అన్నం పెట్టమని చాటింపు వేయించారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ అలాగే పెడుతున్నారట.