లోకంలో ఒకే ఒక్క నాణెం

ప్రమోదూత నామ సంవత్సరం వైశాఖ బహుళ తదియ, బుధవారం. పొద్దున్నించే వడగాలి. ఉతికిన పంచె ఆరేసేలోపే ఆరిపోయేంత ఎండ. ఇప్పటివీ ఒక ఎండలేనా!

తంటా కూడా పంచెతోనే వచ్చింది. దొరగారు కొత్తగా కొన్న పాత వెండి నాణేన్ని పంచె చెంగున ముడివేసి మరిచిపోయారు. చాకలి గంగులు చూసుకోకుండా బండకేసి బాదాడు. నాణెం ఏట్లో పోయింది.

"అలాంటిది లోకంలో ఒక్కటే ప్రభూ! నూరు వరహాలది," అన్నాడు దాన్ని అమ్మిన కనకలింగం.

"అయితే గంగులు ఇల్లు జప్తు చెయ్యండి," అన్నారు దొర.

గంగులు తల గోక్కున్నాడు. కనకలింగం పంచెలు ఉతికేదీ తనే. మొల దగ్గర గుండ్రటి నల్ల మరకలు పదీ పన్నెండు, అన్నీ ఒకే కొలత.

"చిత్తం దొరా. రెండోది తెచ్చినవారికి రెండు వందలని చాటించండి. మూడు రోజుల్లో రాకపోతే ఇల్లు తమదే."

మర్నాడే కనకలింగం రొప్పుతూ వచ్చాడు. "ప్రభువుల అదృష్టం! మా మేనమామ పెట్టెలో దొరికింది!"

"మూడోదానికి మూడు వందలిప్పించండి దొరా," అన్నాడు గంగులు.

కనకలింగం చెయ్యి దానంతటదే మొలసంచిలో దూరి, ఇంకో నాణెంతో బయటికొచ్చింది. కచేరీ అంతా గొల్లుమంది.

దొర అతనిచేత నూరు వరహాలూ కక్కించి, గంగులు ఇల్లు గంగులుకే వదిలేశారు.

గంగులు పోయాక ఆ ఇల్లు కూతురికి, గాడిద అల్లుడికి వచ్చాయి. కనకలింగం పెద్దకొడుక్కి పెట్టెడు 'ఒకే ఒక్క' నాణేలు దక్కాయి. చిన్నకొడుక్కి ఏమీ దక్కలేదు. ఆ ఇంట్లో తలెత్తుకు తిరిగింది వాడొక్కడే.