డహబో కొడుకు

మొన్న పెళ్లిలో నిన్ను చూశాను. మా తాత జమీందారుగారి పక్కన కూర్చునేవాడు, మా ముత్తాతకి గుర్రం ఉండేది అని కొత్త వియ్యంకుల ముందు గంటసేపు చెప్పావు. అప్పుడే వెలిసిపోయిన చీర కట్టుకున్న ఒక పెద్దావిడ నీకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎవరండీ ఆవిడ అని వాళ్లడిగితే, తెలిసినావిడ అన్నావు. ఆవిడ నీ మేనత్త. నిన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. నువ్వన్న మాట ఆవిడ విన్నది. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. నువ్వు మళ్లీ గుర్రం దగ్గర్నుంచి మొదలుపెట్టావు.

నిన్ను తిట్టి ప్రయోజనం లేదు. తిట్టు ఒక పూట గుర్తుంటుంది, అంతే. ఇలా కూర్చో. ఒక సంగతి చెబుతాను.

సోమాలీల దేశంలో కొత్త మనిషి ఎదురైతే ఏ ఊరని అడగరు. ఎవరి కొడుకువని అడుగుతారు. తండ్రి, తాత, ముత్తాత అని పేర్లన్నీ తడబడకుండా చెప్పాలి. మాటలు సరిగా రాని వయసులోనే పిల్లలకి ఈ వరుస నేర్పుతారు. కింద ఉన్నవి ఒంటెలు కాసుకున్నవాళ్ల పేర్లు. పైకి వెళ్లేకొద్దీ అవి అరబ్బుల పేర్లవుతాయి. ఎప్పుడో ఒక పుణ్యాత్ముడు అరేబియా నుంచి ఓడలో వచ్చాడని, అతను ప్రవక్త పుట్టిన ఖురైషు తెగవాడని, తాము అతని సంతానమని చాలామంది చెప్పుకుంటారు. నిజమో కాదో తేల్చే శక్తి నాకు లేదు. నా కథ దాని గురించి కాదు.

ఆ దేశంలో ఒక ఎండిన ఏటి పక్కన షేక్ మూమిన్ అనే సూఫీ గురువు ఉండేవాడు. ముళ్ల కంచె, లోపల చాపలతో కట్టిన గుడిసెలు, ఒక బావి, నాలుగు మేకలు. అదే ఆయన ఆశ్రమం. శిష్యులు చెక్క పలకల మీద బొగ్గు సిరాతో ఖురాను రాసుకుని చదివేవారు.

వాళ్లందరిలో సుబేర్ తెలివైనవాడు. ఒకసారి విన్నది మరిచిపోడు. గొంతు కూడా మంచిది. తన వంశవరుస చెప్పడం మొదలుపెడితే పక్క గుడిసెలవాళ్లు పని ఆపి వినేవారు. తండ్రి నుంచి ఓడ దిగిన పుణ్యాత్ముడి దాకా, అక్కణ్ణుంచి మక్కా దాకా, ఎక్కడా ఊపిరి తీసుకునేవాడు కాదు.

ఒకసారి అది విని షేక్ అడిగాడు. "బాగుంది నాయనా. ఆయన ఓడ దిగాక ఎవరిని పెళ్లాడాడు?"

"ఇక్కడి అమ్మాయినే, గురువుగారూ."

"ఆమె ఎవరి పిల్ల?"

"మా వరుసలో ఆడవాళ్లని లెక్కపెట్టరు."

"అయితే ఆయన ఇంకా ఓడలోనే ఉన్నాడన్నమాట" అన్నాడు షేక్.

శిష్యులు నవ్వారు. సుబేర్ నవ్వలేదు. అతనికి ఆ మాట గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో అక్కడ ఎవరికీ తెలియదు.

అతని తండ్రి పెద్ద తెగవాడే. కాని ఇనుము కొట్టేవాళ్ల పిల్లని మనసుపడి పెళ్లి చేసుకున్నాడు. ఆ దేశంలో కొలిమి పనివాళ్లకి పిల్లనివ్వరు, వాళ్ల పిల్లని తెచ్చుకోరు, వాళ్లతో ఒక గిన్నెలో తినరు. కత్తీ బల్లెమూ మాత్రం వాళ్ల దగ్గరే చేయించుకుంటారు. తండ్రి జ్వరంతో పోగానే పినతండ్రులు పిల్లవాణ్ణి తమ దగ్గర ఉంచుకుని, తల్లిని పుట్టింటికి పంపేశారు. మీ అమ్మ చచ్చిపోయిందని చెప్పు, ఎవరడిగినా అరబ్బు వర్తకుడి కూతురని చెప్పు అని నేర్పారు. పిల్లవాడు అన్నీ తొందరగా నేర్చుకునే రకం. అదీ నేర్చుకున్నాడు.

ఒక ఏడాది వానలు పడలేదు. ఆ రోజుల్లో హిర్సీ అనే తెగపెద్ద షేక్ దగ్గరికి వచ్చాడు. తన ఊళ్లో పిల్లలకి చదువు చెప్పడానికి, తగవుల్లో ధర్మం చెప్పడానికి ఒక మనిషి కావాలి. చదువొక్కటే చాలదు, పుట్టుక కూడా గట్టిగా ఉండాలి, లేకపోతే నా మనుషులు వినరు అన్నాడు. సుబేర్ చేత వరుస చెప్పించుకుని విన్నాడు. పొద్దున్నే అతణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని ఒంటెపాలు తాగించాడు. మాట దాదాపు ఖాయమైంది.

ఎండ ఎక్కాక కంచె దగ్గర ఒక ముసలామె నిలబడింది. పాదాలు పగిలి ఉన్నాయి. చేతిలో చిన్న నేతి కుండ. లోపలికి చూసి, అందరిలోకీ సుబేర్‌ని గుర్తుపట్టి, "అమ్మా" అని పిలిచింది.

ఆ దేశంలో తల్లి తన బిడ్డని పిలిచే పిలుపు అది. కొడుకైనా కూతురైనా తన వరుసతోనే పిలుస్తుంది. ఇంకెవరూ అలా పిలవరు.

హిర్సీ తల తిప్పి చూశాడు. "ఎవరు ఈమె?"

సుబేర్ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం అతని చేతిలో ఉంది.

"మా ఇంట్లో జొన్నలు దంచిన మనిషి" అన్నాడు. "పేరు డహబో. ఇనుము కొట్టేవాళ్ల ఆమె. చిన్నప్పటి అలవాటు, అలాగే పిలుస్తుంది."

ముసలామె అతని ముఖంలోకి చూసింది. పక్కన ఉన్న హిర్సీని చూసింది. అతని వెండి పిడి కత్తిని చూసింది. ఆమెకి అర్థమైంది.

"అవునయ్యా" అంది. "దంచేదాన్ని. ముసలిదాన్ని కదా, నోరు జారింది. ఏమనుకోకండి."

ఆ తర్వాత అక్కడున్నంతసేపూ కొడుకుని అయ్యా అనే పిలిచింది.

షేక్ మూమిన్ లేచాడు. చెంబుతో నీళ్లు తెచ్చి ముందుగా ఆమె చేతుల మీద పోశాడు. తెగపెద్ద చేతులు తర్వాత కడిగించాడు. ఆమెని తీసుకెళ్లి తను కూర్చునే తోలు మీద కూర్చోబెట్టాడు. జొన్న సంకటి గిన్నె ఆమె ముందు పెట్టి, సుబేర్ వైపు తిరిగాడు.

"ఎంతో దూరం నడిచి వచ్చింది. ఒంటరిగా తినకూడదు. వచ్చి కూర్చో."

"ఇవాళ ఉపవాసం ఉన్నాను, గురువుగారూ" అన్నాడు సుబేర్.

పొద్దున అతను పాలు తాగడం అందరూ చూశారు. తాగించిన హిర్సీ అక్కడే ఉన్నాడు.

"నేనూ ఉపవాసమే" అన్నాడు షేక్. అది నిజం. తెల్లవారక ముందు నుంచి ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ మాట అని ఆమె ఎదురుగా కూర్చుని, గిన్నెలో చెయ్యి పెట్టి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఉపవాసం రేపు ఉంటాను. ఈమె రేపు ఉండదు."

ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఆమె కొంచెమే తిన్నది. తెచ్చిన నేతి కుండ అక్కడే వదిలి, పొద్దు వాలకముందే వచ్చిన దారినే వెళ్లిపోయింది. కంచె దాటేటప్పుడు వెనక్కి తిరగలేదు. తిరిగితే మళ్లీ నోరు జారుతుందని భయపడిందేమో.

హిర్సీ షేక్‌తో అన్నాడు. "కుర్రాడు గట్టివాడు. తక్కువవాళ్లతో గిన్నె కలపకుండా ఉండటానికి ఉపవాసమని అబద్ధం కూడా ఆడాడు. ఇలాంటివాడే నాకు కావాలి."

"తీసుకెళ్లు" అన్నాడు షేక్.

బయలుదేరే రోజు సుబేర్ వచ్చి తలపాగా కట్టమని అడిగాడు. చదువు ముగించిన శిష్యుడికి గురువే కట్టాలి. షేక్ కట్టాడు. చెంగు సరిచేసి అన్నాడు. "నోటికి నేర్పవలసింది అంతా నేర్పాను. ఇక నా దగ్గర లేదు."

సుబేర్ దాన్ని మెప్పు అనుకున్నాడు.

హిర్సీ ఊళ్లో అతనికి మర్యాద దొరికింది. ఇల్లు కట్టించి ఇచ్చారు. తగవు వచ్చినప్పుడు ముందు అతని వంశవరుస చెప్పించుకుని, తర్వాత తీర్పు అడిగేవారు. వానలు వచ్చాయి, గడ్డి మొలిచింది, మళ్లీ ఎండింది. ఒకనాడు షేక్ పంపిన మనిషి వచ్చి ఒక్క మాట చెప్పాడు. డహబో పోయింది.

సుబేర్ ఎవరితోనూ చెప్పకుండా గురువు దగ్గరికి వచ్చాడు. దారంతా ఏడ్చినట్టు కళ్లు చెబుతున్నాయి.

"పూడ్చేశారా?"

"పూడ్చేశారు."

"సమాధి దగ్గర పిలిచిందెవరు?"

అక్కడ అదొక ఆచారం. మట్టి కప్పాక తల వైపు ఒకరు కూర్చుని, పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, దేవదూతలు వచ్చి అడిగితే ఏం చెప్పాలో గుర్తుచేస్తారు. ఆ పిలుపులో తండ్రి పేరు ఉండదు. తల్లి పేరు చెప్పి, ఫలానా తల్లి బిడ్డా అని పిలవాలి. కొడుకుంటే కొడుకే పిలవాలి.

"ఎవరో పిలిచి ఉంటారు" అన్నాడు షేక్.

"ఇప్పుడైనా నేను వెళ్లి పిలవవచ్చా?"

"వెళ్లు. ఆమె తల్లి పేరేమిటి?"

సుబేర్ నోరు తెరిచాడు. మక్కా దాకా ఆగకుండా వెళ్లే నోరు అది. ఆ ఒక్క పేరు అందులో లేదు.

"నాకు తెలియదు" అన్నాడు.

"నాకూ తెలియదు" అన్నాడు షేక్. "ఆరోజు ఎదురుగా కూర్చుని తిన్నాను. అడిగి ఉండవలసింది. వెళ్లి ఆమె మనుషుల్ని అడుగు."

కొలిమివాళ్ల గుడిసెలు కొండ వెనకాల ఉన్నాయి. డహబో అన్న గూలేద్ తిత్తులు ఊదుతున్నాడు. సుబేర్‌ని, అతని తెల్లటి తలపాగాని చూసి, పని ఆపి లేచాడు.

"కత్తి కావాలా అయ్యా?"

"కాదు. నేను డహబో కొడుకుని."

గూలేద్ చాలాసేపు అతని ముఖం చూశాడు. ఆ ముక్కు, ఆ నుదురు అతనికి తెలియనివి కావు.

"డహబో కొడుకు పోయాడయ్యా" అన్నాడు. "షేక్ దగ్గర చదువుకుంటూ పోయాడు. చూడటానికి వెళ్లి, తిరిగొచ్చి తనే చెప్పింది. రెండు మేకలు కోసి అందరికీ పెట్టాం. అతని పేరున ప్రార్థన చేయించాం. మా చెల్లెలు ఆనాటి నుంచి సరిగా అన్నం తినలేదు."

"నేనే అతను."

"ఎవరి కొడుకువో చెప్పు, విందాం."

అక్కడే అతను తప్పు చేశాడు. ఆ ప్రశ్న వినగానే చిన్నప్పటి నుంచి అలవాటైన నాలుక తనంతట తనే కదిలింది. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. ఓడ దిగిన పుణ్యాత్ముడు. మక్కా. ఆపాలనుకున్నాడు, ఆగలేదు. చిన్నపిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

గూలేద్ చివరిదాకా మర్యాదగా విన్నాడు.

"చక్కగా చెప్పావు. చాలా పెద్దవాళ్లు. అందులో మావాళ్లెవరూ లేరయ్యా."

"మామా..."

"ఆ మాట వద్దు. ప్రాణం పోయేటప్పుడు కూడా అడిగాను, నీ కొడుకు నిజంగానే పోయాడా అని. పోయాడనే అంది. నిన్ను ఒప్పుకుంటే, మట్టిలో ఉన్న నా చెల్లెల్ని అబద్ధాలకోరుని చేసినట్టు. ఆ పని నేను చేయను."

"ఆమె తల్లి పేరు ఒక్కటి చెప్పు. పిలిచి వెళ్లిపోతాను."

"అది మా అమ్మ పేరు. పైవాళ్లకి ఎందుకు?" గూలేద్ మళ్లీ తిత్తుల దగ్గర కూర్చున్నాడు. కొంచెంసేపటికి, చూపు నిప్పుల మీద నుంచి ఎత్తకుండానే అన్నాడు. "దారిలో ఎవరో తెలియని శవం కనిపిస్తే మేమే పూడుస్తాం. వాళ్ల తల్లి పేరు తెలియదు కదా, హవ్వా బిడ్డా అని పిలుస్తాం. ఆదిలో అందరికీ తల్లి ఆమే. నువ్వు కూడా అలాగే పిలుచుకో. ఎవరూ అడ్డం రారు."

సమాధి చూపించడానికి ఒక ఆడపిల్లని పంపాడు. రాళ్లు పేర్చిన చిన్న దిబ్బ. సుబేర్ తల వైపు కూర్చున్నాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"డహబో" అన్నాడు. "హవ్వా కూతురా."

కన్నకొడుకు తన తల్లిని, దారిలో పడి ఉన్న ఊరూ పేరూ లేని శవాన్ని పిలిచినట్టు పిలిచాడు. ఆ తర్వాత సుబేర్ చాలా ఏళ్లు బతికాడు. ఏటా ఆ కొండ వెనక్కి వెళ్లి, కొలిమి దగ్గర నిలబడి, అదే మాట అడిగేవాడు. కత్తి కావాలా అయ్యా అని వాళ్లు మర్యాదగా అడిగేవారు. ఆ పేరు మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.