దాలయ్య మార్చని వరస

అనగనగనగా, దారికి తారు అంటని రోజులు. బండికి హారను మొలవని రోజులు. కొండ మీద చింతపండు, పసుపు. కొండ కింద ఉప్పు, ఎండుచేపలు. మధ్యన ఏడు మలుపుల కనుమదారి. పైవాళ్లకి ఉప్పు కావాలి, కిందివాళ్లకి పులుపు కావాలి. అంచేత ఎడ్లబండ్లు ఎక్కుతూ దిగుతూ ఉండేవి.

ఆ దారి ఎంత ఇరుకంటే, మలుపులో ఒక్క బండే పడుతుంది. ఎదురుగా రెండోది వచ్చిందా, రెంటిలో ఒకటి లోయపాలే. అందుకని బండివాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. దిగే బండిని వాలులో ఆపడం కష్టం గనక, దిగేవాడు మలుపుకి ముందు మూడుసార్లు కేకెయ్యాలి.

"హో... బండీ."

ఎక్కేవాడు ఆ కేక విని "ఓ..." అని బదులు పలికి, వెడల్పు చోటు చూసుకుని ఆగిపోవాలి. మూడు కేకలకీ బదులు రాకపోతే దారి ఖాళీ అని లెక్క.

మరి చెవులు మందగించినవాడు బండెక్కితే ఏం గతి? అది ఆలోచించే ఆ కనుమని ఏలే దొర ఒక పద్ధతి పెట్టాడు. బండి తోలేవాడికి మొలలో ఇత్తడి బిళ్ళ ఉండాలి. మూడేళ్లకోసారి కనుమ కింద చావడికి వచ్చి చెవుల పరీక్ష ఇవ్వాలి. నెగ్గితే బిళ్ళ మీద కొత్త గాటు పడుతుంది. ఓడితే బిళ్ళ అక్కడ వదిలేసి, కాలినడకన ఇంటికి పోవాలి.

పరీక్ష పెట్టేవాడు దాలయ్య. అదేదో పెద్ద ఉద్యోగం అనుకునేరు. చావడి ఊడ్చేవాడు దాలయ్యే, కుండల్లో నీళ్లు నింపేవాడు దాలయ్యే, ఎడ్లకి గడ్డి వేసేవాడు దాలయ్యే. అవన్నీ అయ్యాక చేతులు తుడుచుకుని బండివాళ్ల చెవులు చూసేవాడు. అతని సరంజామా ఒక కంచు పళ్లెం, ఒక సుత్తి, ఒక ఉలి.

బండివాడు గోడకేసి తిరిగి కళ్లు మూసుకోవాలి. దాలయ్య పదడుగుల వెనక నిలబడి పళ్లెంలో ఇనప చీల వేస్తాడు.

"ఏటి పడింది?"

"చీల పడింది."

చింతగింజ వేస్తాడు.

"ఏటి పడింది?"

"చింతగింజ పడింది."

వడ్లగింజ వేస్తాడు. ఇది కష్టం. దాని చప్పుడు దానికే వినపడదు.

"ఏటి పడింది?"

"వడ్లగింజ పడింది."

అంతే. దాలయ్య సుత్తి తీసి ఠంగుమని గాటు కొట్టేవాడు.

ఇందులో ఒక పొరపాటు ఉంది. మీకీపాటికే తెలిసిపోయి ఉంటుంది, దాలయ్యకి మాత్రం పాతికేళ్లు తెలియలేదు. ముందు చీల, తర్వాత చింతగింజ, ఆఖర్న వడ్లగింజ. ఏ రోజూ ఆ వరస మారలేదు. మార్చాలని అతనికి తోచలేదు. అంత అమాయకుడు. బండివాళ్ల పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ "చీల, చింతగింజ, వడ్లగింజ" అని గెంతేవాళ్లు. పెద్దవాళ్లు నవ్వుకునేవాళ్లు. చెవులు బాగున్నంతకాలం అది నవ్వుకునే సంగతే.

ఆ బండివాళ్లలో పైడన్న అని ఒకడు. దాలయ్యకి చుట్టమేమీ కాదు, కానీ ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్లు. పైడన్న కొండ దిగినప్పుడల్లా దాలయ్యకి గుప్పెడు చింతపండు తెచ్చేవాడు. దాలయ్య అతని ఎడ్లకి నాలుగు పరకలు ఎక్కువ వేసేవాడు.

మొదటిసారి పరీక్షకి వచ్చినప్పుడు పైడన్న చీల పళ్లేన్ని తాకీ తాకకముందే చెప్పేశాడు. మూడేళ్లకి రెండోసారి వచ్చాడు. వడ్లగింజ దగ్గర ఒక్క క్షణం తడబడి చెప్పాడు. దాలయ్య పట్టించుకోలేదు. మరో మూడేళ్లకి మూడోసారి వచ్చాడు.

ఈసారి దాలయ్యకి మనసులో ఏదో కీడు తోచింది. చావడిలో అడుగుపెట్టినప్పుడు "ఎప్పుడొచ్చావు బావా" అని వెనకనుంచి పలకరిస్తే పైడన్న తిరగలేదు. భుజం మీద చెయ్యి వేస్తేగాని తిరగలేదు.

పైడన్న గోడకేసి తిరిగి కళ్లు మూసుకున్నాడు. దాలయ్య చీల తీశాడు. పళ్లెం మీదకి చెయ్యి చాపాడు. చాపి, వెయ్యలేదు. చీల గుప్పిట్లోనే ఉంది.

"ఏటి పడింది?" అని గట్టిగా అడిగాడు.

"చీల పడింది," అన్నాడు పైడన్న.

దాలయ్య ఆ చీలని అలాగే బిగించి పట్టుకున్నాడు. చింతగింజ తీశాడు. అదీ వెయ్యలేదు.

"ఏటి పడింది?"

"చింతగింజ పడింది."

వడ్లగింజ కూడా తీసి గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. మళ్లీ గట్టిగా అడిగాడు.

"ఏటి పడింది?"

"వడ్లగింజ పడింది," అని పైడన్న నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

పళ్లెం ఖాళీగా ఉంది. మూడూ దాలయ్య అరచేతిలో ఉన్నాయి. పైడన్న అవి చూశాడు. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

పైడన్నే ఉన్న సంగతి చెప్పేశాడు.

"ఏడాదిగా ఇలగే తోలతన్నాను బావా. నా కర్రెద్దు నేదా? దూరంగా కేకడితే దాని సెవులు నిక్కుతాయి. అవి సూసి ఆగిపోతాను. మడిసి సెవులైతేనేటి, ఎద్దు సెవులైతేనేటి?"

దాలయ్య బిళ్ళ కోసం రెండో చెయ్యి చాపాడు.

"బిళ్ళ పోతే నాను బండోణ్ణి కాను. మరింకేటి నాను? మొల్లో బిళ్ళ నేకుండా ఊళ్లోకి నడిసెల్తే నలుగురూ ఏటంటారు? అంతకంటే సావే నయం గదా."

ఆ చివరి మాటకి దాలయ్య కరిగిపోయాడు. జాలి అలాంటిది, కళ్లముందున్న మనిషినే చూస్తుంది, ఎదురొచ్చే బండిని చూడదు. సుత్తి తీశాడు. ఠంగుమని గాటు కొట్టాడు. పైడన్న ఆ బిళ్ళని కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

వానలు వచ్చాయి. వానలతో పాటు జోరీగలు వచ్చాయి. పైడన్న ఉప్పుబండి కట్టుకుని కనుమ ఎక్కుతున్నాడు. పైనుంచి ఎర్రయ్య అనే బండివాడు చింతపండు వేసుకుని దిగుతున్నాడు. నాలుగో మలుపుకి ముందు ఎర్రయ్య కట్టుబాటు ప్రకారం కేకేశాడు.

"హో... బండీ."

బదులు లేదు.

"హో... బండీ."

బదులు లేదు.

"హో... బండీ."

బదులు లేదు. దారి ఖాళీ అనుకుని ఎర్రయ్య ఎడ్లని వదిలాడు.

అవతల పైడన్న కర్రెద్దు చెవులనే చూస్తున్నాడు. కానీ జోరీగలు ముసిరి, ఆ చెవులు పొద్దున్నుంచీ టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి. వాటిలో ఏ కదలిక ఈగకో, ఏ కదలిక కేకకో అతనికేం తెలుస్తుంది? రెండు బండ్లూ మలుపులో ఎదురుపడ్డాయి. పైడన్న చూశాడు. చూసిన మరుక్షణం తన ఎడ్లని తనే లోయవైపు మళ్లించాడు. ఎర్రయ్య బండి నిలిచింది. పైడన్న, కర్రెద్దు, దాని జత ఎద్దు, ఉప్పు, అన్నీ పోయాయి.

ఎర్రయ్య చావడికి వచ్చి వానలోనే కూలబడ్డాడు.

"మూడుసార్లు కేకేసినాను మావా. ఒట్టు. మూడుసార్లు."

"నీ తప్పు కాదురా," అన్నాడు దాలయ్య. తప్పు ఎవరిదో అతనికి తెలుసు.

దినాలు అయ్యాక దాలయ్య పైడన్న ఇంటికి వెళ్లాడు. పైడన్న భార్య నూకాలు గుమ్మంలో కూర్చుని ఉంది. దాలయ్య ఆమె ఎదుట నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. ఖాళీ పళ్లెం సంగతి చెప్పాడు. గాటు సంగతి చెప్పాడు. ఆమె తిడుతుందనుకున్నాడు, చెప్పు తీసుకుంటుందనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

నూకాలు అతని మాటలన్నీ విని, చాలా నెమ్మదిగా అడిగింది.

"నువ్వు బిళ్ళ ఇవ్వకపోతే ఏటయ్యేది అన్నా?"

"ఆడి పరువు పోయేది."

"పోయేది. ఇంటికొచ్చి మంచం మీద పడేవోడు. నిన్ను తిట్టీవోడు, నన్ను తిట్టీవోడు. మా కంచాల్లో ఒకో ముద్ద తగ్గేది." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉండీవోడు గదా అన్నా."

దాలయ్య లేచి వచ్చేశాడు. దారి పొడవునా ఏడ్చాడు. ఇన్నేళ్లూ తన చేతిలో ఉన్నది సుత్తీ ఉలీ అనుకున్నాడు. బిళ్ళ ఇవ్వడం, లాక్కోవడం, ఈ రెండే తన పని అనుకున్నాడు. బిళ్ళ తీసుకుని, ఆ చేత్తోనే మనిషిని పట్టుకోవచ్చని అతనికి తోచలేదు. తోచేసరికి పైడన్న లేడు.

దొర దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పి, శిక్ష వెయ్యమన్నాడు. దొర కాసేపు ఆలోచించి, "ఆ పళ్లెం ఇంకెవరికి అప్పగించినా వాడు నీలా భయపడడు. పో, నువ్వే చూడు," అన్నాడు. అంతకంటే పెద్ద శిక్ష దొరకి తెలిసి ఉండదు.

అప్పటినుంచి దాలయ్య వరస మార్చాడు. ఒకసారి ముందు వడ్లగింజ. ఒకసారి రెండుసార్లు చీల. ఒకసారి ఏమీ వెయ్యకుండానే "ఏటి పడింది?" అని అడిగేవాడు. "ఏటీ పడనేదు" అన్నవాడే నెగ్గినవాడు. బండివాళ్లు మొదట్లో గొణుక్కున్నారు. ముసలాడికి మతి పోయిందన్నారు. నాలుగో మలుపు గుర్తొచ్చాక ఊరుకున్నారు.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లలో ముగ్గురు ఓడిపోయారు. మొదటివాడు కాళ్లు పట్టుకున్నాడు. రెండోవాడు బూతులు తిట్టాడు. మూడోవాడు గోడకేసి అలాగే నిలబడిపోయాడు. ముగ్గురి బిళ్ళలూ దాలయ్య తీసేసుకున్నాడు. తీసుకుని, చెయ్యి పట్టుకుని తన గుడిసెకి తీసుకెళ్లి, ఉన్న గంజే తనకంటే ముందు వాళ్లకి పోశాడు. మర్నాడు పొద్దున్నే ఎర్రయ్య బండి మీద పక్కన కూర్చోబెట్టి కనుమ ఎక్కించాడు. తోలేవాడు కాకపోయినా దారి అతన్ని వెలివెయ్యలేదని ఊరంతా చూడాలని ఆయన పట్టుదల. ఆ తర్వాత బండివాళ్లే తలా ఒక తవ్వెడు గింజలు వాళ్ల ఇళ్లకి పంపేవాళ్లు. దాలయ్య అడగలేదు. ఎర్రయ్య మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు.

చివరికి దాలయ్య చెవులూ ముసలివైపోయాయి. ఒకనాడు తనే వడ్లగింజ వేసి, తనకే వినపడక, వంగి చూశాడు. గింజ పళ్లెంలోనే ఉంది. ఆ పూటే పళ్లెం, సుత్తి, ఉలి దొర ముందు పెట్టేసి ఇంటికి నడిచాడు. ఆ పొద్దు అతని గుడిసె గుమ్మంలో గంజికుండతో నూకాలు కూర్చుని ఉందట. ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆ ఏడు తిరక్కుండా దాలయ్య పోయాడు.

ఇప్పుడా దారికి తారు పడింది. బస్సులు, లారీలు తిరుగుతున్నాయి. లైసెన్సు తిరిగి రాయించుకోవాలంటే డాక్టరు దగ్గరికి పోవాలి. చెవులకి గొట్టాలు తగిలించి కూతలు వినిపిస్తారు, ఏ చెవిలో వినపడితే ఆ చెయ్యెత్తాలి. ఆ కనుమ డ్రైవర్లు కుర్చీలో కూర్చోగానే ముందు ఒక మాట అంటారు.

"వరస మార్చి వెయ్యండి డాట్రుబాబూ."

కొత్త డాక్టర్లు వింతగా చూస్తారు. పాతవాళ్లు తలూపి మారుస్తారు.

ఎవడైనా ఓడిపోతే ఆ పూట అతన్ని ఒంటరిగా ఇంటికి పంపరు. సాటి డ్రైవరు తన ఇంటికి తీసుకుపోయి విస్తరి వేస్తాడు. మర్నాడు మొదటి బస్సులో ముందు సీటు అతనికే. ఓడినవాడికి ఆకలి ఉండదు, తల దించుకుని మెతుకులు కెలుకుతుంటాడు. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలు ఒక ముద్ద కలిపి అతని ముందు పెట్టి, ఎవరో తనవాళ్లు పోయినట్టే, గొంతు తగ్గించి చెప్తుంది.

"తిను బాబూ. పైడన్నకి పెట్టని ముద్ద ఇది."