ఇంటికో పట్టా

మద్దిపురంలో జంతువులు పెరిగాయి గానీ దారి పెరగలేదు. ఊరు మొత్తానికి ఉన్నది ఒక్క బజారు దారి. పొద్దున్నే మేకలు, గాడిదలు, ఎద్దులు అన్నీ దాని మీదే పడేవి. ఏనుగు పెద్దయ్య బయటికొచ్చాడంటే అటు వందమంది, ఇటు వందమంది ఆగిపోవాల్సిందే. ఇక తాబేలు తాత సంగతి చెప్పక్కర్లేదు. ఊరి చివరినుంచి జ్వరమని బయల్దేరితే, వైద్యుడి గుమ్మం చేరేలోపు జ్వరం దానంతటదే తగ్గిపోయేది.

అందుకని ఊరికి లైట్ రైలు వేయిద్దామన్నాడు ఊరి పెద్ద అయిన ఏనుగు.

"లైటా? దీపాలు పెట్టుకుని తిరుగుతుందా?" అని కుందేలు అడిగింది.

"కాదు, తేలికపాటి రైలు" అన్నారెవరో. అందరూ పెద్దయ్య ఒంటివంక చూశారు.

"నేను నడిచే వస్తాలే" అన్నాడు పెద్దయ్య గొంతు సవరించుకుని.

రైలు వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. ఎటునుంచి వెయ్యాలన్నదగ్గరే పేచీ వచ్చింది. బజారు వెంట వెయ్యాలంటే, నక్కలు తమ దుకాణాల ముందు దారి మీదకి జరుపుకున్న అరుగులు కొట్టెయ్యాలి. వాగు పక్కనుంచి వెయ్యాలంటే బురదపేటలో నలభై కొట్టాలు లేపెయ్యాలి. రైలు సంఘానికి కార్యదర్శి నక్క భూషణం. బజారులో అందరికంటే వెడల్పాటి అరుగు ఆయనదే. కాబట్టి ఏ దారి మంచిదో ఆయన పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

బురదపేటలో కర్రెమ్మ అనే గేదె ఉండేది. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఎవరైనా హాస్యమాడితే అప్పుడు ఊరుకుని, సాయంత్రం నెమరు వేసుకుంటూ నవ్వేది. ఇప్పుడామె నిండు చూడితో ఉంది, ఇంకో నెలకి ఈనుతుంది. కిందటిసారి వరదకి కొట్టం కొట్టుకుపోతే గట్టు మీద ఎండలోనే ఈనింది. ఆ దూడ దక్కలేదు. ఈసారి సొంత కొట్టంలో, నీడపట్టున ఈనాలి. ఇంతకుమించి ఆమెకి ఏ కోరికా లేదు.

కానీ ఆ నేల ఆమెదని చెప్పే కాగితం లేదు. పేటలో ఎవరికీ లేదు. పన్నెండేళ్లుగా పట్టాలిప్పించండి మహాప్రభో అని అర్జీలు పెడుతూనే ఉన్నారు. పట్టా అన్న మాట వినబడితే చాలు, ఆ పేటలో మేతలో మూతి పెట్టినవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. భూషణానికి ఆ సంగతి బాగా తెలుసు.

పెద్దయ్య సభ పెట్టించాడు. ఆయనకి చేటలంత చెవులున్నా నోటిమాట మీద నమ్మకం లేదు. సభలో అన్నమాట కాకి కరణం రాయాలి, అన్నవాడు ఒప్పుకోవాలి, దాని మీద తన పాదం ముద్ర పడాలి. ముద్ర పడ్డాక అక్షరం మార్చాలన్నా మళ్లీ సభ కూడి అందరూ చేతులెత్తాల్సిందే. మద్దిపురంలో ముందునుంచీ ఇదే ఆనవాయితీ.

ముందుగా తాబేలు తాత లేచాడు. లేవడానికే కొంతసేపు పట్టింది.

"అయ్యా, మా చెల్లెలి కూతురి పెళ్లికని బయల్దేరాను. వెళ్లేసరికి దాని పిల్లలు ఎదురొచ్చి తాతా అన్నారు. ఎటునుంచి వేస్తారో నాకనవసరం. నా కళ్లు మూతబడకముందు వెయ్యండి."

అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

మేక నూకాలు చివాల్న లేచింది. బురదపేటలో నోరున్నది ఆమే. "తాతకి రైలు కావాలి, కాదనం. మాకు కొంపలు ఉండాలా వద్దా? వాగు పక్కనుంచి వేస్తే మేమెక్కడికి పోవాలి?"

పేటవాళ్లంతా గోల చేశారు. పెద్దయ్య తొండమెత్తితే గానీ సద్దుమణగలేదు. అప్పుడు భూషణం నిదానంగా ముందుకొచ్చి, తోక ముడిచి, పేటవాళ్లకి వంగి వంగి దణ్ణం పెట్టాడు.

"నూకాలమ్మా, మీ కష్టం నాకు తెలీదా? పన్నెండేళ్లుగా మీరు దేనికోసం తిరుగుతున్నారో ఈ ఊళ్లో నాకంటే ఎవరికి తెలుసు? అందుకే చెప్తున్నా, ఈ రైలు పుణ్యమా అని మీ బురదపేటకి పట్టాలొస్తాయి."

గోల టక్కున ఆగిపోయింది.

"ఏమొస్తాయి?" అంది కర్రెమ్మ. ఆమె సభలో నోరు తెరవడం అదే మొదలు.

"పట్టాలు కర్రెమ్మా, పట్టాలు! మీ గుమ్మాల్లోకే."

"అందరికీనా, నీకు కావల్సిన నలుగురికేనా?" అని నూకాలు నిలదీసింది.

భూషణం అప్పటికే మంచి ఊపులో ఉన్నాడు. "నలుగురికేం ఖర్మ? ఇంటికో పట్టా! నలభై ఇళ్లకీ! కరణం, రాసుకో. బురదపేటలో ఇంటికో పట్టా. కావాలన్నవాళ్లు చేతులెత్తండి!"

గిట్టలు, కొమ్ములు, రెక్కలు అన్నీ ఒక్కసారిగా లేచాయి. కర్రెమ్మ ముందుకాళ్లు రెండూ ఎత్తబోయి పడబోయింది. కాకి రాసింది, భూషణం ఒప్పుకున్నాడు, పెద్దయ్య పాదం మోపాడు. ఇంటికి వెళ్తూ దారంతా కర్రెమ్మ ఏడుస్తూనే ఉంది, సంతోషంతో.

నాలుగోరోజున అడవిపందులు గునపాలతో దిగి, కొట్టాల మధ్యనుంచి సున్నంతో రెండు గీతలు గీశాయి. అందులో ఒకటి కర్రెమ్మ కొట్టం లోపలినుంచే పోయింది. ఆమె పరుగున పోయి భూషణం అరుగు ముందు నిలబడింది.

"ఇదేంటి భూషణంగారూ? పట్టాలిస్తామన్నారుగా?"

"ఇవే మరి! రైలు నడిచేది పట్టాల మీద కాక పరుపుల మీదా? మీరంతా చేతులెత్తే కదా ఒప్పుకున్నారు? వారంలో కొట్టం ఖాళీ చెయ్యి."

దుకాణంలో ఉన్న నక్కలన్నీ పడీ పడీ నవ్వాయి. కర్రెమ్మ కడుపులో దూడ కదిలింది. ఆమెకి భయం వేసింది, అంతకంటే ఎక్కువగా సిగ్గు వేసింది. తలదించుకుని వాగుకి పోయి, మెడదాకా బురదలో పడుకుని నెమరు వెయ్యడం మొదలుపెట్టింది.

సభలో విన్నదంతా ఒక్కొక్క ముక్కా పైకి తెచ్చుకుంది. తాత మాట, నూకాలు మాట, నక్క దణ్ణం. ప్రతి ముక్కా మెత్తగా నమిలింది. ఒకచోట మాత్రం దవడ ఆగిపోయింది. దాన్నే మళ్లీ నమిలి చూసింది. బురద కారుతున్న ఒంటితోనే లేచి, నూకాలుని వెంటబెట్టుకుని నేరుగా పెద్దయ్య దగ్గరికి పోయింది.

పెద్దయ్య భూషణాన్ని పిలిపించి, కాగితం తియ్యమన్నాడు. కాకి గొంతెత్తి చదివింది. "బురదపేటలో ఇంటికో పట్టా."

"చూశారా పెద్దయ్యా!" అన్నాడు భూషణం. "పట్టా అని ఉంది. పట్టా అంటే రైలు పట్టా. సభ పెట్టింది రైలు కోసం గానీ నేలల కోసం కాదు కదా?"

"మాటలో న్యాయం ఉంది" అన్నాడు పెద్దయ్య. "కర్రెమ్మా, నువ్వేమంటావు?"

"భూషణంగారు చెప్పిందే ఖాయం చెయ్యండి బాబూ" అంది కర్రెమ్మ.

నూకాలు అదిరిపడి, "వదినా, నీకేమైనా మతిపోయిందా?" అంది.

"ఉండమ్మా. ఇంటికో పట్టా అన్నారు, అంటే ఒక్కటే. నా కొట్టంలోంచి ఒక్క పట్టా వేసుకోమనండి, నేను అడ్డుపడను. దాని మీద రైలు నడిపించి, ముందు ఆయన్నే ఎక్కి చూపించమనండి."

పెద్దయ్య చెవులూపాడు. "భూషణం, రైలుకి ఎన్ని పట్టాలుంటాయి?"

"రెండు... అంటే... అది రాతలో పొరపాటు పెద్దయ్యా."

కాకికి కోపం వచ్చింది. "నా రాతలో పొరపాటా? మీరన్నదే రాశాను. చదివి వినిపిస్తే తలూపారు కూడా!"

"అయితే రెండని దిద్దితే సరి" అన్నాడు భూషణం.

"దిద్దాలంటే సభ కూడాలి, పేటవాళ్లు చేతులెత్తాలి" అన్నాడు పెద్దయ్య. "ఏం నూకాలమ్మా, ఎత్తుతారా?"

"మా చేతులు పట్టేశాయయ్యా. మొన్న మరీ ఎక్కువ ఎత్తాం" అంది నూకాలు.

పెద్దయ్యకి నవ్వొచ్చింది గానీ పైకి కనబడనివ్వలేదు. "ఒంటి పట్టా మీద రైలు నడవదు. ఇంటికి ఒక్కటే ఉండి పనికొచ్చే పట్టా నేల పట్టానే. నా ముద్ర పడిన కాగితం ఉత్తది అవడానికి వీల్లేదు. నలభై పట్టాలూ రాయించు. రాయించి కార్యదర్శి హోదాలో ఇంటింటికీ నువ్వే తీసుకెళ్లి ఇయ్యి. రైలు బజారు వెంట పోతుంది."

అడవిపందులు గునపాలు భుజాన వేసుకుని బజారుకి పోయాయి. అరుగులన్నీ వరసగా కొట్టుకుంటూ పోయాయి, భూషణం అరుగుతో మొదలుపెట్టి. తాబేలు తాత ఆ పని చూడ్డానికని ఆ పూటే బయల్దేరాడు.

భూషణం నెలరోజులపాటు బురదలో కాళ్లీడ్చుకుంటూ పట్టాలు పంచాడు. ఆఖరిది కర్రెమ్మది. ఆయన వెళ్లేసరికి ఆమె కొట్టంలో నీడన పడుకుని ఉంది. పక్కన తెల్లవారుజామున పుట్టిన దూడ తడి ఆరని కాళ్లతో లేవబోయి పడుతోంది.

"ఇదిగో" అని కాగితం ముందు పడేసి వెనక్కి తిరిగాడు భూషణం.

"ఆగండి భూషణంగారూ. నాకు చదువు రాదు. మీరే చదివి పెట్టండి, ఒక్క ముక్కా వదలకుండా."

భూషణం పళ్లు కొరుక్కుంటూ చదివాడు. హద్దులతో సహా, ఆమె పేరుతో సహా మొత్తం చదివాడు. కర్రెమ్మ కళ్లు మూసుకుని విన్నది.

"ఇప్పుడు ఇంకొక్కసారి" అంది. "ఈసారి మా దూడ వింటుంది."

నీతి: ఒక మాటలో రెండు అర్థాలు దాచి ఎదుటివాణ్ణి ముంచాలనుకునేవాడు, ఆ రెండో అర్థం ఎదుటివాడికి కూడా పనికొస్తుందని గుర్తుంచుకోవాలి.