బాతు సుగుణమ్మ చేసిన ప్రార్థన

కాలవగట్టున ఉన్న ఆ పశువుల పాకలో పొద్దుగూకే వేళకి రోజూ ప్రార్థన జరిగేది. ఎద్దు యోనా తాత మేత వేసే గాడి దగ్గర మోకరించేవాడు, మేకలు చుట్టూ చేరేవి. అందరి ముందూ మెడ సాచి ప్రార్థించేది మాత్రం బాతు సుగుణమ్మ. ఆమె గొంతు వణికితే చాలు, మేకలకి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆ సంగతి సుగుణమ్మకీ తెలుసు. అందుకే ఎక్కడ వణకాలో అక్కడే వణికేది.

ఈ మధ్య ఒక నక్క కూడా వచ్చి కంచె అవతల కూర్చుంటోంది. మారుమనసు పొందానంటుంది. యోనా తాత నమ్మలేదు గానీ, ప్రార్థన వినొద్దని ఎవరిని మాత్రం తరుముతాం అని ఊరుకున్నాడు. వెళ్ళేముందు నక్క రోజూ సుగుణమ్మనే పలకరించేది.

"అమ్మగారూ, మీ ప్రార్థన వింటే నా పాపాలన్నీ కళ్ళముందు తిరుగుతాయి. ఒక్కటే లోటండి. కష్టాల్లో ఉన్నవాళ్ళ పేరు చెప్పి, వాళ్ళ బాధ విడమరిచి అడిగితే ఇంకా బాగుంటుంది."

"నాకూ అలాగే అనిపిస్తుందయ్యా," అంది సుగుణమ్మ. ఆమెకి నూకలకంటే పొగడ్తే రుచి.

ఆ ఏడు ఆమె గుడ్లన్నీ మురిగిపోయాయి. కోడి రూతమ్మకి మాత్రం చక్కగా పిల్లలయ్యాయి. ఇక పాకలో ఎవరు నోరు తెరిచినా రూతమ్మ పిల్లల ముచ్చటే. సుగుణమ్మకి కడుపు మండిపోయింది. ఆ మంట మీద ఉండగానే రూతమ్మ వచ్చి మెల్లగా చెప్పుకుంది.

"వదినా, గూటి చెక్క ఊడిపోయింది. పిల్లల్ని గడ్డివాము వెనక చిల్లుగంప కింద దాచాను. తెల్లారగట్ల నేను మేతకి పోతే వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు. ఎవరికీ చెప్పకు. దేవుడికి చెప్పు, చాలు."

"వాళ్ళు నా పిల్లలు కారా ఏంటి? తప్పకుండా చెబుతాను," అంది సుగుణమ్మ.

ఆ సాయంత్రం రూతమ్మ పిల్లల్ని వదిలి రాలేక గంప దగ్గరే ఉండిపోయింది. సుగుణమ్మ మెడ సాచింది.

"ప్రభువా, మా రూతమ్మని కనికరించు. గూడు బాగుచేసుకునే తెలివి లేక, కన్నపిల్లల్ని గడ్డివాము వెనక చిల్లుగంప కింద పడేసింది. తెల్లారగట్ల వాళ్ళని గాలికొదిలేసి మేతకి పోతుంది. అలాంటి తల్లికి మంచి బుద్ధి దయచెయ్యి తండ్రీ."

గొంతు సరిగ్గా వణికింది. మేకలు అయ్యో అంటూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. సుగుణమ్మ ఒక కన్ను కొంచెం తెరిచి అది చూసుకుంది, ఆమె కడుపు చల్లబడింది. అందరూ ఆమేన్ అన్నారు. కంచె అవతల నుంచి కూడా ఆమేన్ వినిపించింది.

తెల్లారాక చూస్తే గంప వెల్లకిలా పడి ఉంది. రూతమ్మ దాని చుట్టూ తిరుగుతూ పిల్లల్ని పిలుస్తూనే ఉంది. నేలమీద పసుపురంగు నూగు తప్ప ఏమీ మిగల్లేదు.

"నిన్న మనమందరం ఆమేన్ అన్నాం," అన్నాడు యోనా తాత. ఆ మాటకి మేకలు తలలు దించుకున్నాయి.

"నేను దేవుడికే చెప్పాను వదినా," అంది సుగుణమ్మ.

రూతమ్మ తిరగడం ఆపి ఆమె వైపు చూసింది. "గంప ఎక్కడుందో ఆయనకి తెలీదా వదినా?"



ఆ సాయంత్రం ప్రార్థనకి ఎవరూ కూడలేదు. యోనా తాత కూడా అవతలికి తిరిగి పడుకున్నాడు. కంచె అవతల నక్క చోటు ఖాళీగా ఉంది, దానికి ఇక ప్రార్థనతో పని లేదు. సుగుణమ్మ ఒక్కతే పాక మధ్యలో నిలబడి మెడ సాచింది. "ప్రభువా," అంది. గొంతు వణికించింది. ఆ తర్వాత ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. ఇన్నేళ్ళలో ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసొచ్చి, ఆమెకి నిజంగా వణుకు పుట్టింది.

నలుగురూ వినాలని చేసే ప్రార్థన ఆ నలుగురికే చేరుతుంది. ఆ నలుగురిలో నక్క కూడా ఉంటుంది.