సుంకమ్మ మూర

గోడలన్నీ మట్టివైన కాలంలో, మాట మాత్రం రాయిలా నిలిచే కాలంలో, జాజిరాళ్లపల్లెలో సుంకమ్మ అనే మనిషి ఉండేది. ఆమెకు పొలం లేదు, పిల్లాజెల్లా లేరు. ఉన్నవల్లా మూడు: ఒక అలుకుగుడ్డ, ఒక సున్నపు కుండ, ఒక జాజు కుండ. జాజు అంటే ఎర్రమన్ను. ఆ ఊరి గుట్ట నిండా అదే. వానొస్తే వాగు కూడా ఎర్రగా పారేదట. ఆ వాగులో ఉతికిన పంచె జన్మకు తెల్లబడదు కనుక, ఆ ఊరి పెళ్లికొడుకును పొరుగూరివాళ్లు పొలిమేరలోనే గుర్తుపట్టేవాళ్లట. అది వేరే కథ.

సుంకమ్మ పని ఏడాది పొడవునా గోడలు అలకడం. మూడేళ్లకొకసారి జాతర వచ్చేది. అప్పుడు ఇంటింటి గోడా అలికి, పైన సున్నం కొట్టి, కింద మూరెడెత్తున జాజుపట్టీ పూసేది. ఇంటికిన్ని గింజలు పెట్టేవాళ్లు. ఆ గింజలతోనే ఆమె పొయ్యి వెలిగేది.

గోడ అలుకుతుంటే పిల్లలు మూగుతారు. తడిమట్టినీ పిల్లలనూ విడదీసిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. తల్లులు కసిరేవాళ్లు. సుంకమ్మ కసిరేది కాదు. ఈతపుల్ల కొస నమిలి, కుంచె చేసి చేతికిచ్చేది. మూడు చిప్పల్లో మూడు రంగులు పోసేది: జాజు ఎరుపు, బొగ్గు నలుపు, సుద్ద తెలుపు. సున్నం లేత చేతులను కొరుకుతుందని సుద్ద కలిపేది.

"ఈ కింది మూరెడు మీది. పైదంతా పెద్దోళ్లది," అనేది. జాతర దగ్గరపడ్డాక వాళ్ల గీతల మీదే జాజుపట్టీ పూసేసేది.

పిల్లలు గీసింది చూసి తల్లులు "ఏందే ఇది?" అనేవాళ్లు. ఆ మాటతో పిల్ల చేయి ఆగిపోయేది. అదేమిటో దానికి మాత్రం ఏం తెలుసు? సుంకమ్మ అలా అడిగేది కాదు. పక్కన చతికిలబడి, "ఇది యాడికి పోతాంది బిడ్డా?" అనేది. అంతే, గీత లేచి నడిచేది.

ఆ ఏడు ఊరిపెద్ద పెదరెడ్డి ఇంట్లో, ఆయన మనవరాలు కొండమ్మ గోడ మీద ఒక గుండ్రం గీసింది. పిల్లకు ఐదేళ్లు.

"ఇది యాడికి పోతాంది బిడ్డా?"

"ఏటికి." గుండ్రానికి కాళ్లు వచ్చాయి.

"ఏట్లోంచి యాడికి పోతాంది?"

"మబ్బులోకి." రెక్కలు వచ్చాయి.

"మబ్బులోంచి?"

"మా తాత కాడికి. తాతకు దప్పికైతాది కదా." దాని కడుపు నిండా నీళ్లు వచ్చాయి.

సుంకమ్మ దాన్ని చూసి చూసి, ఇది కూడా జాజు కింద పోతుందే అనుకుంది. అక్కడే తప్పు చేసింది. గోడ పనివాళ్లెవరూ చేయని తప్పు. పిల్ల రంగుల్లో తుమ్మజిగురు కలిపి, ఆ గీతలన్నీ మళ్లీ దిద్దించింది. అలికే గోడకు జిగురు తగలరాదు. తగిలితే దాని మీద ఇక అలుకు నిలవదు. ముప్పై ఏళ్లు గోడలతో బతికిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. మనసు గుంజింది, కలిపేసింది.

జాతరకు మూడు రోజులుందనగా పెదరెడ్డి గోడను చూశాడు. మరక గోడ ముందు అమ్మవారిని దించరాదని ఆ ఊరి నమ్మకం. పైగా అమ్మవారు మొదట దిగేది ఆయన గడప ముందే.

"ఏంది సుంకీ ఇది?"

"నీ మనవరాలి గోడ, రెడ్డీ."

"దానికి ముక్కు తుడుచుకోవడం రాదు, గోడొకటా? జాతరలోగా ఇది పోవాల. ఇది పోకుంటే నువ్వు పోవాల. మళ్లీ ఏ గడపా నిన్ను పిలవదు."

మొదటి రోజు సుంకమ్మ నీళ్లు పోసి కడిగింది. బొమ్మ ఇంకా మెరిసింది. రెండో రోజు పైన అలికింది. సాయంత్రానికి ఆ అలుకు ఎండి అప్పడంలా లేచి రాలింది. మూడో రోజు కొడవలి తెచ్చింది, గీకేద్దామని. కొండమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. కొడవలిని చూసింది. గోడను చూసింది.

"ఇది యాడికి పోతాంది అవ్వా?"

సుంకమ్మ చేయి ఆగిపోయింది. కొడవలి కింద పెట్టింది.

"యాడికీ పోదులే బిడ్డా," అంది. ఇంటికి వెళ్లి తన కుండలు మూటగట్టుకుంది.

తెల్లారి జాతర. ఊరు దాటాలంటే ఉన్నది ఆ ఒక్క వీధే. వీధి నిండా జనం. సుంకమ్మ మూట నెత్తిన పెట్టుకుని ఒక బండి చాటున ఇరుక్కుపోయింది. డప్పులు మోగుతున్నాయి. అమ్మవారి పాటలు పాడి కొలిచే ముసలి ఆసాది నాగప్ప అమ్మవారిని నెత్తిన మోసుకొచ్చి పెదరెడ్డి గడప ముందు పీట మీద దించాడు. పెదరెడ్డి అప్పటికే గోడకు కంబళి కట్టించాడు.

"అమ్మ ముందర తెర కట్టిందెవరు? తీయండి," అన్నాడు నాగప్ప.

తీశారు. డప్పులు ఆగాయి. సుంకమ్మ కళ్లు మూసుకుంది. దీపం వెలిగించడానికి వంగిన నాగప్ప వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"పెదరెడ్డీ, ఇట్లా కూకో."

"నేనా? నేలమీదనా?"

"అమ్మ కూర్చున్న నేలేలే. అమ్మ ఎత్తెంత?"

"మూరెడు."

"నీ సున్నం అమ్మకు కనపడతాదా?"

"కనపడదు."

"నీ తలపాగా?"

"కనపడదు."

"మరి ఇన్నేండ్లూ అమ్మకు మనం చూపించిందేంది? వట్టి జాజుపట్టీ. పాపం, అమ్మకు నిద్రొచ్చి ఉంటాది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నేల మీద కూర్చున్న పెదరెడ్డి చూడసాగాడు. ఆయన అంత కిందినుంచి తన గోడను ఎన్నడూ చూడలేదు. "ఏంది..." అని నోరు తెరిచి, మనవరాలి ముఖం చూసి, ఆ మాట మింగేశాడు.

"కొండా, ఇది యాడికి పోతాంది?"

"నీ కాడికే తాతా. నీకు దప్పికైతే నీళ్లు తెస్తాంది," అని మొదలుపెట్టింది కొండమ్మ. ఏరు చెప్పింది, మబ్బు చెప్పింది, దారిలో కలిసిన గాడిద సంగతి కూడా చెప్పింది. గాడిద గోడ మీద లేనే లేదు. కొండమ్మ చెప్పడం అయ్యేదాకా ఊరేగింపు కదల్లేదు.

ఆ తర్వాత చూడాలి. పక్కింటావిడ "అయ్యో, మా గోడ మీద అమ్మకు చూసేదానికి ఏం లేదే," అంది. అవతలావిడ ఈతపుల్లకు పరుగెత్తింది. మూడో ఆవిడ బండి చాటున ఉన్న సుంకమ్మ మూట లాక్కుంది. "ఎక్కడికి పోతావక్కా, మావాడికి మూడు చిప్పలు కలిపిచ్చిపో," అంది. ఆ రోజు అమ్మవారు ఆఖరి గడప దాటేసరికి పొద్దు వాలింది. ప్రతి గోడ కిందా తడి ఆరని మూరెడు రంగు. సుంకమ్మను చూసి పెదరెడ్డి ఒక్కటే మాటన్నాడు.

"ఈసారి జిగురు ఇంకొంచెం వెయ్యి."

సుంకమ్మ నిండా బతికి, ఒక వానాకాలంలో పోయింది. ఆమె గుడిసె గోడకు కింది మూరెడులో మాత్రం పిల్లల గీతలు లేని చోటు లేదట.

ఇప్పుడు అక్కడ మట్టిగోడలు లేవు. సిమెంటు వచ్చింది, రంగులు డబ్బాల్లో వస్తున్నాయి. అయినా ఆ వైపు ఇళ్లలో కింది మూరెడు పిల్లలకు వదిలేస్తారు. దాన్ని సుంకమ్మ మూర అంటారు. పిల్ల గోడ పాడుచేసిందని ఎవరైనా చెయ్యెత్తితే, ఇంట్లో పెద్దావిడ "ఎంత ఎత్తున గీసింది?" అని అడుగుతుంది. మూరెడులోపైతే, "అది నీ గోడ కాదు, కూర్చో," అంటుంది. కూర్చోవాల్సిందే. కూర్చుని అడగాల్సిందే, ఇది యాడికి పోతాంది అని.